ఆసన్నబంధు నిర్ణయము

కులబాంధవులారా!

మనము సభలలో నొకరినొకరు పిలుచుకొను నీ మాటలోనే నేటి వ్యాసమునకు విషయము గలదు. బాంధవుడనగా నెవడు? పెండ్లిపందిటిలో నీ ప్రశ్నకు సమాధానము సులభము. మేనమామ, మేనత్త, పినతల్లి, వియ్యంకులు, ఆ వియ్యంకుల చుట్టములు, అందఱును బంధువులే. కాని యొక మనిషి కన్నుమూసిన పిదప ఆతని యిల్లు, పొలము, సొమ్ము ఎవరికి జెందవలెనను విచారణ వచ్చినపుడు, ఆ పందిటిలోని వారందఱును ప్రక్కకు దొలగింపబడి ఒకరో ఇద్దఱో మాత్రము నిలుతురు. అట్లు నిలుచువారిని నిర్ణయించునది ప్రేమ గాదు, చేసిన సేవయు గాదు, శాసనము. ఆ శాసనము మన దేశమున నెట్లు పుట్టి, ఎట్లు మాఱి, నేడెచ్చట నిలిచియున్నదో యథాశక్తి విన్నవించుట యీ వ్యాసోద్దేశము.

నేను న్యాయవాదిని గాను. ముప్పది మూడేండ్లు పిల్లలకు శబ్దములు, ధాతువులు, సంధులు, సమాసములు చెప్పి విశ్రాంతి గైకొన్న పాఠశాలా పండితుడను. చిన్ననాడు గురుసన్నిధిని యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారకాండమును మితాక్షరతో గూడ బఠించితిని గావున, దాయభాగ విషయము నాకు దెలిసినదేయని చిరకాలము తలంచియుంటిని. ఆ తలంపు తొలగిన సందర్భమును ముందుగా జెప్పవలసియున్నది.

మా యింట జరిగినది

మా యక్కగారికి 1973లో వివాహమయ్యెను. రెండేండ్లు నిండక మునుపే ఆమె భర్త జ్వరపీడితుడై కాలధర్మము నొందెను. సంతానము లేదు. ఆమె పుట్టినింటికి వచ్చి, ఉపాధ్యాయ శిక్షణ పొంది, పాఠశాలలో నుద్యోగము సంపాదించి, ముప్పది యేండ్లకు మించి పనిచేసెను. జీతములో మిగిల్చిన సొమ్ముతో మూడు గదుల యిల్లు గట్టుకొనెను. మా తండ్రిగారు గతించిన పిదప మా యమ్మ ఆ యింటనే యుండెను. 2016లో మా యక్కగారు హఠాత్తుగా స్వర్గస్థురాలయ్యెను. వీలునామా వ్రాయలేదు. మా యమ్మకు అప్పటికి ఎనుబది రెండేండ్లు.

ఇల్లు మా యమ్మ పేర మార్పింపవలెనని నేను కాగితములు తీసికొని కచ్చేరికి బోతిని. అచటి యుద్యోగి మర్యాదగానే ప్రశ్నించెను. మీ యక్కగారి భర్తవైపు వారెవరైన గలరా యని యడిగెను. ఆయన తమ్ముడొకడు కలడనియు, నలువది యేండ్లుగా రాకపోకలు లేవనియు జెప్పితిని. అట్లయిన వారసుడాయనయే గాని మీ తల్లిగారు గారని యా యుద్యోగి సమాధానమిచ్చెను. నేను నమ్మక ప్లీడరుగారిని దర్శించితిని. ఆయన చట్టపు బుస్తకము దెఱచి, 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టములోని 15వ సెక్షను చూపెను. ఉద్యోగి చెప్పినదే నిజము. నవమాసములు మోసి కన్న తల్లికంటె, నలువది యేండ్లుగా ముఖము చూడని మరిది దగ్గరి చుట్టమెట్లయ్యెను? నాడు పుట్టిన యీ ప్రశ్నయే నన్ను మఱల మితాక్షరను దెఱచునట్లు చేసినది.

పిండశబ్దార్థము

మన ప్రాచీనులు వారసత్వమునకు జెప్పిన మూలసూత్రము చిన్నది. మరణించిన వాని సపిండులలో నెవడు మిక్కిలి సన్నిహితుడో ఆతనికే ధనము చెందునని మనువు నిర్ణయము. ఆంధ్రదేశమున నధిక ప్రచారముగల ఆపస్తంబ ధర్మసూత్రమును పుత్రుడు లేనిచో దగ్గరి సపిండునే పేర్కొని, ఆతడును లేనిచో ఆచార్యుని, శిష్యుని జెప్పి, కూతురైనను గ్రహింపవచ్చునని ముగించినది. భార్య పేరచట లేదు. యాజ్ఞవల్క్యుడు మాత్రము స్పష్టమైన వరుస నేర్పఱచెను. పుత్ర పౌత్ర ప్రపౌత్రులు లేని వానికి మొదట భార్య, పిదప కూతుండ్రు, పిదప తల్లిదండ్రులు, పిదప సోదరులు, వారి కుమారులు, సగోత్రులు, బంధువులు, తుదకు శిష్యుడు, సహాధ్యాయి. ఇందు భార్యకు మొదటి స్థానము దొరకుట గొప్ప మార్పు.

ఇక సపిండుడనగా నెవడు? ఇచ్చటనే మన దేశము రెండుగా జీలినది. కల్యాణ నగరమున 1076 మొదలు 1126 వఱకు రాజ్యమేలిన చాళుక్య చక్రవర్తి ఆఱవ విక్రమాదిత్యుని యాస్థానమున విజ్ఞానేశ్వరుడు మితాక్షరను రచించెను. ఆ కల్యాణము నేడు కర్ణాటకములోని బీదరు జిల్లాలో బసవకల్యాణమను పేర నున్నది. పిండమనగా దేహమని యాయన వ్యాఖ్య. తండ్రి శరీరాంశము, తల్లి శరీరాంశము బిడ్డయందున్నవి. తాత దేహాంశము తండ్రి ద్వారమున మనుమనియందున్నది. మాతామహుని యంశము తల్లి ద్వారమున దౌహిత్రునియందున్నది. ఒకే దేహములోని యంశములను బంచుకొన్నవారు సపిండులు. ఇట్లు లెక్కించినచో లోకమందఱును సపిండులగుదురు గావున, తండ్రివైపు నేడు తరములు, తల్లివైపు నైదు తరములు హద్దుగా నేర్పఱుపబడినవి.

వంగదేశమున దాయభాగమును రచించిన జీమూతవాహనుడు ఈ యర్థమును ఒప్పుకొనలేదు. ఆయన మతమున పిండమనగా శ్రాద్ధమున నర్పించు నన్నపు ముద్ద. మృతునకు పిండప్రదానముచే నెవడధిక మైన యుపకారము చేయగలడో ఆతడే దగ్గరి దాయాదుడు. విజ్ఞానేశ్వరుని ప్రశ్న ‘నీవెవరి దేహమునుండి వచ్చితివి?’ అనునది; జీమూతవాహనుని ప్రశ్న ‘నీవెవరికి పిండము పెట్టుదువు?’ అనునది. ఒక్క శబ్దమునకు రెండర్థములు గల్గుటచే, వంగదేశమొక త్రోవను, తక్కిన భారతదేశము వేఱొక త్రోవను ఎనిమిది వందల యేండ్లు నడచినవి. వ్యాకరణ పాఠము పనికిమాలినదని నవ్వు విద్యార్థులకు నేను తఱచుగా నీ యుదాహరణమును జెప్పుచుండువాడను.

తల్లి ముందా, తండ్రి ముందా?

యాజ్ఞవల్క్యుని వరుసలో తల్లిదండ్రులను జెప్పునపుడు ‘పితరౌ’ అను నొక్క పదమే యున్నది. ఇది పాణిని విధించిన యేకశేషము. తల్లియు దండ్రియు నని చెప్పవలసినచోట పితృశబ్ద మొక్కటియే మిగిలి యిద్దఱిని బోధించును. అట్లయిన ధనము ముందెవరికి? పదము పితృశబ్దమే గదా, తండ్రికే యని పైపైని దోచును. విజ్ఞానేశ్వరుడు అట్లు విడువలేదు. ఆ యేకశేషమును విప్పి చెప్పు విగ్రహవాక్యమున మాతృశబ్దమే ముందు వచ్చును. ఏకశేషము చేయని ‘మాతాపితరౌ’ అను రూపమునను మాతృశబ్దమే ముందున్నది. కావున తల్లియే ముందు గ్రహింపవలెనని తీర్పు చెప్పెను.

దీనికి దోడు మఱియొక హేతువును జూపెను. తండ్రి యితర భార్యల పుత్రులకును సాధారణుడు. తల్లి తన బిడ్డకే ప్రత్యేకము. కావున సామీప్యము తల్లికే యధికము. జీమూతవాహనుడు తండ్రిని ముందుంచెను. మితాక్షర యాధిపత్యము వహించిన మన సీమలో మాత్రము పుత్రుని ధనమునకు తండ్రికంటె తల్లియే దగ్గరిదై శతాబ్దములు గడచినవి. ఈ మాటను పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను. దీనితో ముందు పని గలదు.

స్త్రీధన విచారము

పుత్రుని ధనము సంగతి యిట్లుండగా, కూతురి ధనము సంగతి వేఱు. స్త్రీధనమనగా పెండ్లిలో వచ్చిన నగలు, పుట్టినింటివారిచ్చిన కానుకలు మాత్రమేయని కొందఱి మతము. విజ్ఞానేశ్వరుడు ఆ మాటకు యౌగికార్థమునే గ్రహించి, వారసత్వమున వచ్చినది, కొన్నది, పంపకమున దొరకినది, ఏ రీతినైనను స్త్రీకి లభించినది యంతయు స్త్రీధనమేయని చెప్పెను. అంత విశాలమైన నిర్వచనము మఱియొకటి లేదు. ఆ ధనము మొదట కూతుండ్రకు బోవుననియు విధించెను.

కాని సంతానము లేని స్త్రీ విషయమున పూర్వస్మృతుల ననుసరించి యొక భేదమును నిలిపెను. బ్రాహ్మము, దైవము, ఆర్షము, ప్రాజాపత్యము అను నాలుగు ప్రశస్త వివాహములలో నేదైన జరిగియున్నచో ఆమె ధనము భర్తకును, ఆయన లేనిచో ఆయన సపిండులకును బోవును. ఆసురాది వివాహములైనచో తల్లిదండ్రులకు వచ్చును. కన్యాదానముతో నామె గోత్రము మాఱినది. భర్తృకులము ఆమెను జీవితాంతము పోషించును. కావున ఆమె ధనమును వారికే చేరవలెనని యిందలి తర్కము. కావున నిజము దాచక చెప్పవలెనన్న, మా యక్కగారి యిల్లు మితాక్షర ప్రకారమును మరిదిగారికే చెందెడిది. ఈ దోషమును దెల్లదొరల మీదను, 1956 నాటి శాసనకర్తల మీదను మాత్రమే మోపుట న్యాయము గాదు.

అయినను నాకు దోచినదొకటి విన్నవింతును. భార్యాభర్తలు వేర్వేఱు దేహములనుండి వచ్చినవారు గదా, వారికి సాపిండ్యమెట్లు అను శంకకు విజ్ఞానేశ్వరుడే సమాధానము చెప్పెను. ఇద్దఱును గలిసి యొక శిశుదేహమున కారంభకులగుదురు గావున సపిండులని యాయన యుక్తి. బిడ్డయే కలుగక, భర్త రెండేండ్లలో గతించి, ఆ కులము పోషణభారము వహింపనిచోట, ఈ యుక్తియు, వెనుకటి పోషణతర్కమును రెండును దుర్బలములగుచున్నవి. మిగిలిన దేహసంబంధమొక్కటియే; అది తల్లిది.

ఆంధ్రదేశమున ఆచారము

మితాక్షర సంస్కృతమున నుండి పండితులకే పరిమితము గాలేదు. పదుమూడవ శతాబ్దమున, తిక్కన సోమయాజికి సమకాలికుడైన కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలో రచించెను. తెలుగున ధర్మశాస్త్ర గ్రంథములలో నిది మొదటిదిగా బ్రసిద్ధము. దక్షిణమున దేవణ్ణభట్టు స్మృతిచంద్రికయు, విజయనగర కాలపు పరాశరమాధవీయమును ప్రమాణములయ్యెను.

అయినను గ్రామములలో నిర్ణయము శ్లోకముచే గాక ఆచారముచే జరుగుచుండెడిది. మగసంతానము లేని గృహస్థుడు అల్లుని దెచ్చి యింట నిలుపుకొని, వ్యవసాయమప్పగించి, తన పిదప పుత్రునివలె ఆస్తి ననుభవింపవలసినదని యేర్పాటు చేయు ఇల్లరికము మన తెలుగు జిల్లాలలోని కొన్ని కులములయందు గలదు. స్మృతులలో నిట్టి పుత్రుడు లేడు, దత్తపుత్రుడును గాడు. అయినను ఆచారబలమున మదరాసు న్యాయస్థానములు ఆతని హక్కు నంగీకరించినవి. దగ్గరివాడెవడను ప్రశ్నకు ‘ఎవడు వచ్చి యింట నిలిచి భారము వహించెనో ఆతడు’ అని కర్షకులు చెప్పిన సమాధానమిది. శాస్త్రము చెప్పని యీ సమాధానమున నెంత ధర్మమున్నదో పాఠకులే గ్రహింతురు.

ఆంగ్లేయ న్యాయస్థానములు

1772లో వారన్ హేస్టింగ్సు హిందువుల వారసత్వ వివాహాది విషయములు వారి శాస్త్రముల చొప్పుననే తీర్పవలెనని యేర్పాటు చేసెను. 1776లో హాల్హెడ్ దొరగారి సంగ్రహమును, 1810లో కోల్‌బ్రూక్ దొరగారి మితాక్షరా దాయభాగముల యనువాదమును వెలువడినవి. 1864 వఱకు న్యాయస్థానములలో పండితులు కూర్చుండి వ్యవస్థలు చెప్పుచుండిరి. పిదప ఆ పదవులు రద్దయినవి. నాటినుండి పూర్వపు తీర్పులే ప్రమాణములై, దేశకాలముల ననుసరించి వ్యాఖ్యాతలు చేయుచుండిన మార్పునకు దారి మూయబడినది.

మూడు తీర్పులను జెప్పి ముందునకు బోదును. 1867లో ప్రీవీ కౌన్సిలువారు, భర్తనుండి వారసత్వముగా వచ్చిన యాస్తి స్త్రీధనము గాదని నిర్ణయించిరి. విజ్ఞానేశ్వరుని విశాల నిర్వచనమిట్లు సంకుచితమై, వితంతువునకు జీవితకాలపు టనుభవమే మిగిలెను. 1868లో రామనాథపురపు వ్యాజ్యెమున, ఆచారము స్పష్టముగా ఋజువైనచో నది గ్రంథవాక్యమునకంటె బలీయమని చెప్పిరి. భర్త యనుమతి లేకున్నను సపిండుల సమ్మతితో వితంతువు చేసిన దత్తత చెల్లునని దక్షిణదేశమునకు నిర్ణయించిరి. 1880లో బొంబాయినుండి వచ్చిన యొక వ్యాజ్యెమున, సాపిండ్యమునకు దేహసంబంధమే మూలమను మితాక్షరార్థము నంగీకరించిరి. శబ్దార్థము నిలిచినది గాని దాని ఫలము స్త్రీలకు పూర్తిగా దక్కలేదు. స్త్రీలు దాయమున కర్హులు గారను ప్రాచీన వాక్యము నాధారముగా గొని, మన మదరాసు సీమలో తోబుట్టువు, కుమారుని కూతురు, కూతురి కూతురు మొదలగువారిని వరుస కడపటనున్న బంధువర్గమున మాత్రము జేర్చిరి. ఒకే తల్లి గర్భమున బుట్టిన చెల్లెలు ఏడవ తరపు దాయాదికంటె దూరమయ్యెను.

శాసనముల కాలము

ఈ యన్యాయమును సవరించుటకు 1929లో రెండవ చట్టము వచ్చినది. కుమారుని కూతురు, కూతురి కూతురు, తోబుట్టువు, ఆమె కుమారుడు అను నలుగురిని పితామహుని తరువాతను, పినతండ్రి పెదతండ్రులకు ముందును నిలిపినది. 1937లో దేశముఖుగారి చొరవచే వచ్చిన చట్టము వితంతువునకు కుమారునితో సమానభాగ మిచ్చినది. కాని యదియు జీవితానుభవమునకే. 1941లో బెనెగళ్ నర్సింగరావుగారి యాధ్వర్యమున హిందూధర్మశాస్త్ర విచారణ సంఘ మేర్పడెను. ఆ సంఘము సిద్ధపఱచిన సంహితను డాక్టరు అంబేడ్కరుగారు సభ ముందు బెట్టి, అది సాగకపోవుటచే 1951లో మంత్రిపదవిని వదలిరి. తుదకు ఖండములుగా విడిపోయి, వారసత్వ భాగము 1956 జూన్ 17వ తేదీన నమలులోనికి వచ్చినది.

దానిచే పురుషుని యాస్తికి మొదటి తరగతి వారసులుగా కుమారులు, కూతుండ్రు, భార్య, తల్లి మొదలుగా బండ్రెండుగురు నిర్ణయింపబడిరి. 2005లో మఱి నలుగురు చేరి పదునాఱుగురైరి. భార్య, తల్లి, ప్రతి కుమారుడు, ప్రతి కూతురు తలకొక సమభాగము పొందుదురు. తండ్రి రెండవ తరగతికి బోయెను. పాఠకులు గమనింతురు గాక: తల్లి ముందు, తండ్రి పిదప. విజ్ఞానేశ్వరుని యేకశేష వ్యాఖ్య ఎనిమిది వందల యేండ్ల పిదపను చట్టపు బట్టికలో నిలిచియే యున్నది! 14వ సెక్షను స్త్రీల జీవితానుభవమును సంపూర్ణ స్వామ్యముగా మార్చినది.

ఉమ్మడి కుటుంబపు టాస్తిలో మాత్రము జన్మహక్కు మగవారికే మిగిలియుండెను. ఇందు మన యాంధ్రప్రదేశము దేశమునకు మార్గదర్శకమయ్యెను. నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వకాలమున 1986లో వచ్చిన సవరణచే, 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి కూతురును జన్మచే సమాంశభాగిని యయ్యెను. ఆ తేదీకి ముందు వివాహమైనవారికి మాత్రము వర్తింపలేదు. 2005 సెప్టెంబరు 9వ తేదీనుండి కేంద్ర చట్టము వివాహభేదము లేకయే యీ హక్కును దేశమంతటికిని వ్యాపింపజేసెను. ఆ తేదీనాటికి తండ్రి జీవించియుండవలెనా యను వివాదము 2020 ఆగస్టు 11వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము తీర్పుచే ముగిసినది. హక్కు జన్మచే వచ్చునది గావున తండ్రి యప్పటికి జీవించియుండ నక్కఱలేదని నిర్ణయించిరి.

సవరింపబడక మిగిలినది

ఇన్ని సవరణలలో గదలక నిలిచినది 15వ సెక్షనులోని వరుస. స్త్రీ వీలునామా లేక మరణించినచో ఆమె యాస్తి మొదట బిడ్డలకును, గతించిన బిడ్డల సంతానమునకును, భర్తకును; పిదప భర్త వారసులకు; పిదప తల్లిదండ్రులకు; పిదప తండ్రి వారసులకు; కడపట తల్లి వారసులకు. భర్త వారసులలో నొక్కడున్నను తల్లికి దావు లేదు. సంతానము లేనిచో, తల్లిదండ్రులనుండి వారసత్వముగా వచ్చినది మఱల తండ్రి వారసులకే పోవుననియు, భర్తనుండియు మామనుండియు వచ్చినది భర్త వారసులకే పోవుననియు ఈ సెక్షనే చెప్పుచున్నది. తండ్రి సొమ్ము తండ్రివైపునకు, భర్త సొమ్ము భర్తవైపునకు మరలునట్లు శాసనకర్తలు జాగ్రత్త వహించిరి. స్త్రీ తన చేతులతో సంపాదించిన సొమ్మునకు మాత్రమే అట్టి జాగ్రత్త లేదు. అదియు భర్తవైపునకే నడచును.

మా యింటిదే వింత గాదు. వివాహమైన కొలది మాసములకే భర్తను గోలుపోయి, అత్తవారింటినుండి వెడలగొట్టబడి, పుట్టినింట జదువుకొని యుద్యోగము చేసిన యొక స్త్రీ స్వార్జితము విషయమై 2009లో సర్వోన్నత న్యాయస్థానమునకు వ్యాజ్యెము వచ్చెను. సానుభూతి వేఱు, శాసనము వేఱు అను దృష్టితో వారు భర్త వారసులకే తీర్పు నిచ్చిరి. అంతకు ముందే 2008లో న్యాయ సంస్కరణ సంఘము తన 207వ నివేదికలో స్త్రీ స్వార్జితము విషయమున నీ సెక్షనును సవరింపవలెనని సూచించియుండెను.

కొమరునికి తల్లి మొదటి తరగతి వారసురాలు. అదే తల్లి, అదే గర్భమున బుట్టిన కూతురికి మరిది వెనుక నిలుచునది. అంతేకాక, వృద్ధులైన తల్లిదండ్రులను బోషించుట కూతురికిని విధియేయని 1956 నాటి దత్తత పోషణ చట్టము శాసించినది. బ్రతికియున్నంతకాలము కూతురికి తల్లి దగ్గరిది. ప్రాణము పోయిన మఱుక్షణమున దూరపుది. మాతృశబ్దము ముందు వచ్చునని నిర్ణయించిన విజ్ఞానేశ్వరుని యేకశేషమును పుత్రుని విషయమున బాటించి, పుత్రిక విషయమున విడుచుట ఏ వ్యాకరణమునకును గుదరదు.

తదుపరి కథ

మరిదిగారికి నేను జాబు వ్రాసితిని. ఆయన వచ్చిరి. ఆయనయు వృద్ధుడు, పెద్ద సంసారి, ధనవంతుడు గారు. ఆయనను నేను నిందింపను. చట్టము దానంతటదిగా దెచ్చి చేతబెట్టిన దానిని వలదనుట యెల్లవారికిని సాధ్యము గాదు. ఆస్తి గ్రహించినవారు దివంగతయొక్క తల్లిదండ్రులను బోషింపవలెనను విధి పోషణ చట్టమున గలదని ప్లీడరుగారు ఇరువురకు నచ్చజెప్పిరి. మా యమ్మ బ్రతికియున్నంతవఱకు ఆ యింట నుండవలెననియు, బ్యాంకు సొమ్ము ఆమె పోషణకు వాడవలెననియు, ఆమె పిదప ఇల్లు మరిదిగారికి జెందవలెననియు గాగితము వ్రాసికొంటిమి.

మా యమ్మ మూడేండ్లు ఆ యింట నుండి 2019లో గతించెను. ఆ మూడేండ్లును గోడకు సున్నము వేయింపవలెనన్నను, బావి గిలక మార్పింపవలెనన్నను, ఆయన నడిగితివా యని నన్ను ప్రశ్నించుచుండెను. అడుగ నక్కఱలేదని యెంత చెప్పినను వినెడిది గాదు. కూతురు కట్టిన యింట నామె యొరుల యింట నున్నట్లే యుండెను. ఒక్క కాగితమును సకాలమున వ్రాసియున్నచో ఆ తల్లికి ఆ సంకోచము లేకపోయెడిది. సంస్కృతము చదివిన తమ్ముడనైన నేనే మా యక్కగారికి ఆ మాట చెప్పలేదు. ఇది నా దోషము.

నామినీ వేఱు, వారసుడు వేఱు

మా యక్కగారు బ్యాంకు కాగితములలో మా యమ్మను నామినీగా వ్రాసియుండెను. ఆ నమ్మకముతోనే వీలునామాను దలపలేదు కాబోలు. జీవితబీమా విషయమై 1983లో సర్వోన్నత న్యాయస్థానము, నామినీ సొమ్ము నందుకొనుటకు మాత్రమే అధికారము గలవాడు, సొమ్ము వారసులదేయని తీర్పు చెప్పెను. 2015లో బీమా చట్టము సవరింపబడి, తల్లిదండ్రులు, భార్య లేక భర్త, బిడ్డలు నామినీలైనచో బీమా సొమ్ము వారిదేయగునట్లు మార్చిరి. కంపెనీ వాటాల విషయమున నామినీ స్వామి గాడని 2023లో మఱల నిర్ణయమైనది. కావున బ్యాంకులో నామినీ పేరు వ్రాసితిమి గదా యని నిశ్చింతగా నుండరాదు.

కర్తవ్యము

పూర్వము దగ్గరి చుట్టమెవరో స్మృతి నిర్ణయించెను. పిదప న్యాయస్థానము, పిదప శాసనసభ నిర్ణయించినవి. నేడు ఎవరి చుట్టమును వారే నిర్ణయించుకొను స్వాతంత్ర్యము చట్టమే యిచ్చియున్నది. అదియే వీలునామా. దానికి స్టాంపు కాగిత మక్కఱలేదు. తెల్లకాగితముపై దన యిష్టమును స్పష్టముగా వ్రాసి, సంతకము చేసి, ఇద్దఱు సాక్షులచే సంతకములు చేయింపవలెను. రిజిస్ట్రీ నిర్బంధము గాదు, చేయించుట మేలు. ఆస్తి పొందువారిని సాక్షులుగా బెట్టకుండుట యుచితము. ఉమ్మడి యాస్తిలోని తన భాగమును గూడ నిట్లు వ్రాయవచ్చును.

మన సంఘము ప్రతి సంవత్సరము విద్యార్థులకు వేతనములు, పేదలకు సాయములు చేయుచున్నది. ఈ మహాసభనుండి మఱియొక చిన్న పనిని జేపట్ట బ్రార్థించుచున్నాను. ప్రతి గ్రామశాఖయందును, సంపాదనగల మన యాడుబిడ్డలకు, అందును సంతానము లేనివారికిని, భర్తను గోలుపోయినవారికిని, ఈ 15వ సెక్షను సంగతి నెఱిగింపవలెను. వీలునామా వ్రాయుట అపశకునమను భయమును బోగొట్టవలెను. స్త్రీ స్వార్జితము విషయమున తల్లిదండ్రుల స్థానమును ముందునకు దేవలెనని ప్రభుత్వమునకు విన్నపము పంపవలెను. బాంధవులమని పిలుచుకొనువారము గనుక నీమాత్రము చేయుట మనకు విధి.

ఈ సంచికను జదివి ముగించిన పిదప, పాఠకులలో నొక్క సోదరియైనను కాగితము తీసికొని తన తల్లి పేరు వ్రాసినచో నా శ్రమ ఫలించినట్లే భావింతును.

ఇతి శమ్.